సాగదీసినా మారని గుర్తు

మధ్యాహ్నం క్లాసులు అయిపోయాక గణితశాఖ నడవాలో చివరి గది తలుపు దగ్గరగా వేసి ఉండేది. లోపల బేసి మేడం కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు కిటికీ కింద స్టూలు మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉండేది. చేతిలో సుద్దముక్క అలాగే ఉండేది. నిద్రపోతోందో, పని చేస్తోందో బయటివాళ్ళకి తెలిసేది కాదు. ఆమెకీ ఖాయంగా తెలిసేది కాదు. కొత్తగా చేరిన లెక్చరర్లు తలుపు సందులోంచి చూసి నవ్వుకుంటే హెడ్డుగారు వాళ్ళని అవతలికి తీసుకెళ్ళేవారు.

"ఆవిడ కునుకు తీస్తే పేపరవుతుంది. మనం మేలుకుని కూర్చుంటే టైంటేబులవుతుంది. చప్పుడు చెయ్యకండి," అనేవారు.

బేసి మేడం అన్న పేరు పెట్టింది విద్యార్థులే. ఆమె బోర్డు మీద సరివాటిని తెల్లసుద్దతోనూ బేసివాటిని రంగుసుద్దతోనూ రాసేది. ఎంతసేపూ రంగుసుద్ద దగ్గరే ఆగిపోయేది. పేరు చెవిన పడినప్పుడు ఆమెకి కోపం రాలేదు. "సరి మేడం అని పెట్టలేదు, నయం. అందరూ సరే సరే అనుకుంటూ పోయేవాళ్ళు," అంది.

ఆ ఊళ్ళో పొద్దుటిపూట మంచు దిగేది. రెండు గుట్టల మీదా ఇళ్ళు, గుట్టల మధ్య పల్లంలో కాలేజీ. బస్సు దిగి నడిచేటప్పుడు ముందున్న మనిషి వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆమెకి ఆ నడక ఇష్టం. ఎక్కుతున్నామో దిగుతున్నామో కాళ్ళకి తప్ప కళ్ళకి తెలియని నడక అది.

ఆమె పనేమిటో ఇంటికి వచ్చేవాళ్ళకి చెప్పే బాధ్యత వదినది. వదిన ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని కర్టెన్లూ బడిపిల్లల యూనిఫారాలూ కుట్టేది. కొలతలు ఇచ్చేవాళ్ళు ఊరికే ఉండరు కదా.

"మీ ఆడపడుచు ఏం చెబుతుందండీ కాలేజీలో?"

"లెక్కలే. కాకపోతే అందులో అంకెలుండవు," అనేది వదిన, దారం కొరుకుతూ.

నిజానికి ఆ పని చెప్పలేనిదేమీ కాదు. చక్రం తిరుగుతుంది. ఒక తిప్పు తరవాత ఇంకో తిప్పు తిప్పవచ్చు, తిప్పినదాన్ని వెనక్కి తిప్పవచ్చు. అలాంటి కదలికలన్నీ కలిసిన కుటుంబాన్ని గ్రూపు అంటారు. కదలిక గతుకులు లేకుండా నున్నగా సాగితే అది లీ గ్రూపు. మొత్తం కదలికను ఒక్కసారి చూడటం కష్టం కాబట్టి అది మొదలయ్యే చోట, ఇంకా కదిలీ కదలని చిన్న అడుగుల్ని చూస్తారు. రెండు అడుగుల్ని ముందుది వెనకా వెనకది ముందూ వేస్తే ఎంత తేడా వస్తుందో లెక్కకట్టి పెట్టుకుంటే, అది ఆ గ్రూపు తాలూకు లీ ఆల్జీబ్రా. అడుగులు తెలిస్తే నడక తెలుస్తుంది. ఒక అడుగును దానితోనే జతచేస్తే ముందూ వెనకా ఉండవు, అందుకని తేడా సున్నా. ఇంతవరకూ మామూలు లోకం.

సూపర్ అన్న మాట చేరినచోట అడుగులు రెండు రకాలవుతాయి, సరివీ బేసివీ. అక్కడ బేసి అడుగు తనతో తాను కలిసినప్పుడు సున్నా కానక్కర్లేదు. ఒక సరి అడుగు పుట్టవచ్చు.

ఆ వాక్యాన్ని ఆమె చదువుకునే రోజుల్లో లైబ్రరీలో, వాన వెలిసిన ఒక సాయంత్రం చదివింది. పేజీ తిప్పకుండా చాలాసేపు అక్కడే వేలు పెట్టుకుని కూర్చుంది. ఎవరూ రాని ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషి అద్దంలో చూసుకుంటే, అద్దంలోంచి వేరొకరు పలకరించినట్టనిపించింది. లైబ్రేరియన్ దీపాలు ఆర్పుతూ వచ్చి, "అమ్మా, పుస్తకం పారిపోదు, రేపు రండి," అన్నాడు.

ఆ తరవాత జీవితమంతా ఆ వీధిలోనే గడిచింది. అడుగులు తక్కువగా ఉన్న లీ సూపర్ ఆల్జీబ్రాలు ఎన్ని రకాలో, ఒక్కటీ తప్పిపోకుండా, ఒక్కటీ రెండుసార్లు రాకుండా తేల్చడం ఆమె సిద్ధాంతవ్యాసం. అయితే అది సంకీర్ణ సంఖ్యల మీద చేసింది. అక్కడ ప్రతి సంఖ్యకీ వర్గమూలం ఉంటుంది. మైనస్ ఒకటికి కూడా. అందువల్ల పని తేలిక, లోకం మెత్తన.

పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య రేడియోలు బాగుచేసేవాడు. చెల్లెలు రాసే కాగితాలను సర్క్యూటు బొమ్మలు చూసినట్టు తిరగేసి మరగేసి చూసి, "ఎక్కడో కనెక్షన్ ఉండే ఉంటుందిలే," అనేవాడు. ఆయన పోయాక ఆడపడుచూ వదినా ఒక కప్పు కింద ఎందుకుండాలని చుట్టాలు అడిగారు.

"దానికి వంట రాదు, నాకు చదువు రాదు. విడిపోతే అది ఆకలితో పోతుంది, నేను విసుగుతో పోతాను," అంది వదిన. ఆ మాటతో ఆ ప్రస్తావన ముగిసింది.

పొడుగమ్మాయి ఆమె దగ్గర పరిశోధనకి చేరేనాటికి మేడం జుట్టు సగం నెరిసింది. ఆ పిల్ల బడిలో లెక్కల టీచరుగా పనిచేసి, చాలక వచ్చింది. తలుపు గుమ్మానికి తల తగులుతుందని అలవాటుగా వంగి లోపలికి వచ్చేది, తగలని గుమ్మాల దగ్గర కూడా. మేడం సంకీర్ణ సంఖ్యల మీద చేసినదాన్ని ఆ పిల్ల వాస్తవ సంఖ్యల మీద చెయ్యాలి. తరవాత ఒక్కో ఆల్జీబ్రాకి ఎన్ని సూపర్ గ్రూపులు ఉన్నాయో తేల్చాలి.

ఆ గదిలో వాళ్ళు పని చేసే పద్ధతి ఒకటుండేది. ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసుకునేవాళ్ళు. కొత్తగా ఏ ఆల్జీబ్రా తయారైనా, అప్పటికే జాబితా లోపలికి రానిచ్చిన ప్రతిదానితోనూ దాన్ని ముఖాముఖి కూర్చోబెట్టాలి. ఒకరు దాని తరఫున, ఒకరు దీని తరఫున మాట్లాడాలి. 'నేను' అనే మాట్లాడాలి. అది నియమం.

"నాకు రెండు సరి అడుగులు, రెండు బేసి అడుగులు. నీకు?"

"నాకూ అంతే."

"నా సరి అడుగుల్లో ఒకటి మిగిలిన మూడింటినీ సాగదీస్తుంది."

"మా ఇంట్లోనూ ఉన్నాడు అలాంటివాడు."

ఏదో ఒక ప్రశ్న దగ్గర ఒకరు అవుననీ ఇంకొకరు కాదనీ అంటే ఇద్దరూ వేరు. ఎంత అడిగినా తేడా రాకపోతే, కొత్తది పాతదే, చొక్కా మార్చుకుని వచ్చింది. దాన్ని బయటికి పంపేయాలి. నడవాలో పోయేవాళ్ళకి లోపల ఇద్దరు ఆడవాళ్ళు తమ ఇళ్ళ సంగతులు చెప్పుకుంటున్నట్టుండేది.

"ఎవరింట్లో గొడవండీ?" అని హెడ్డుగారు ఒకసారి తలుపు తీసి అడిగారు.

"మా ఇంట్లో కాదు సార్, ఆవిడింట్లో," అంది పొడుగమ్మాయి, మేడం వైపు చూపిస్తూ.

వ్యాసం పూర్తయింది. సోమవారం వైవా. పక్క ఊరి పరిశోధనసంస్థలో ఆ పిల్లకి ఉద్యోగం వచ్చింది, వైవా అయినట్టు కాగితం చూపించి నెలాఖరులోగా చేరాలి. చేరకపోతే ఆ తరవాత ఉన్నవాళ్ళని పిలుస్తారు. వాళ్ళ అమ్మ ఆ ఊళ్ళో ఇల్లు కూడా చూసి వచ్చింది. మెట్లు తక్కువ, కిటికీలు ఎక్కువ అని సంబరపడింది.

శనివారం మధ్యాహ్నం బేసి మేడం ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉంది. ముందుగదిలోంచి కుట్టుమిషను చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా ఆమె కొంచెం లోతుకి దిగింది.

మంచులో నడుస్తోంది. పక్కన ఎవరో ఉన్నారు, బేసిగా ఒక అడుగు ముందూ ఒక అడుగు వెనకా. కింద నేల గిన్నెలా ఉందనుకుంది, ఎటు నడిచినా ఎక్కుడే. ఆ నేల ఆమెకి తెలిసినదే, ఎన్నో ఏళ్ళుగా తిరిగినది. మంచు నెమ్మదిగా విడింది. అది గిన్నె కాదు. రెండు గుట్టల మధ్య, గుర్రం మీద వేసే జీనులాంటి నేల. ముందుకీ వెనక్కీ ఎక్కుడు, కుడికీ ఎడమకీ దిగుడు. మధ్యలో ఏటవాలుగా ఒక కాలిబాట ఉంది. ఆ బాట మీద ఎంత నడిచినా ఎత్తు పెరగడం లేదు, తగ్గడం లేదు. పక్కనున్న మనిషి ఆ బాట మీదే తేలిగ్గా నడిచిపోతోంది. "నన్ను లోపలికి రానివ్వలేదేం?" అని అడిగింది. కోపంగా కాదు. దారి అడిగినట్టు అడిగింది.

మిషను మళ్ళీ మొదలైంది. ఆమె కళ్ళు తెరిచింది.

లేచి కాగితం మీద వేసి చూస్తే నాలుగైదు పంక్తులు పట్టింది. రెండు సరి, రెండు బేసి ఉన్న కుటుంబం, ఒకటి మిగిలినవాటిని సాగదీసేది. అందులో మొదటి బేసి అడుగు తనతో తాను కలిస్తే ఒక సరి అడుగు వస్తుంది. రెండోది తనతో తాను కలిసినా అదే సరి అడుగు వస్తుంది, ముందు ఒక గుణకంతో. దాని గురించి ముఖాముఖి కూర్చున్న రోజు ఆమెకి గుర్తుంది. పొడుగమ్మాయి, "నా రెండోదానికి ముందొక గుణకం ఉంది," అంది. "సున్నా కాదుగా?" అని తను అడిగింది. కాదంది ఆ పిల్ల. "అయితే దాని వర్గమూలంతో భాగించి ఒకటి చేసెయ్. నువ్వూ నేనూ ఒకటే," అని తనే కుర్చీలోంచి లేచింది. సంకీర్ణ సంఖ్యల్లో ఏళ్ళ తరబడి తిరిగిన మనిషికి అలవాటైన మాట అది. వాస్తవ సంఖ్యల్లో ఆ గుణకం మైనస్సయితే వర్గమూలమే లేదు. ఎంత సాగదీసినా, ఎంత కుదించినా మైనస్సు ప్లస్సు కాదు. రెండూ ప్లస్సయితే గిన్నె, ఒకటి మైనస్సయితే జీను; గిన్నె వేరు, జీను వేరు. జీనులో ఎత్తు మారని బాట, అంటే తనతో తాను కలిసి సున్నా అయ్యే బేసి నడక, ఉంది; గిన్నెలో లేదు. ఒకరు అవుననీ ఇంకొకరు కాదనీ చెప్పే ప్రశ్న అదే. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

చిన్న కుటుంబాల్లో ఈ జాగ్రత్త ఇద్దరూ తీసుకున్నారు. ఇక్కడ తీసుకోలేదు.

వదిన దగ్గరికి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. వదిన తల ఎత్తకుండానే, "ఏమైంది? మొహం ఉతికి ఆరేసినట్టుంది," అంది.

"ఆ పిల్ల వ్యాసంలో ఒకటి తప్పిపోయింది వదినా. అన్నీ ఇవే, ఇంకేవీ లేవని రాశాం. ఒకటి ఉంది."

"పెద్దదా?"

"పెద్దా చిన్నా లేదు. ఉంది."

వదిన మిషను ఆపింది. "సోమవారం అడిగేవాళ్ళకి తెలుస్తుందా?"

"తెలియకపోవచ్చు. చివరి అధ్యాయం అంత నిదానంగా ఎవరూ చదవరు."

"అయితే నోరు మూసుకో. ఉద్యోగంలో చేరనీ. ఆ తరవాత ఇద్దరూ కలిసి తీరిగ్గా దిద్దుకోండి. వాళ్ళమ్మ ఇల్లు కూడా చూసుకుంది. ఒకటి తక్కువైతే లోకమేం మునిగిపోతుంది?"

"మునగదు."

"మరి?"

"సోమవారం ఆ పిల్ల నుంచుని ఇంకేవీ లేవని చెబుతుంది. నేను పక్కన కూర్చుని తల ఊపాలి. నాకు తెలిసి."

వదిన గుడ్డ మడత సరిచేసుకుంది. "నీ తల ఊపడం కోసం ఆ పిల్ల పొట్ట కొడతావా?"

మేడం స్టూలు మీంచి లేచింది. చెప్పులేసుకుని బయల్దేరింది. "గొడుగు," అని కేకేసింది వదిన. తీసుకోలేదు.

పొడుగమ్మాయి అద్దెగది మేడ మీద. సగం సామాను పెట్టెల్లో సర్ది ఉంది. మేడంని చూసి ఆ పిల్ల కంగారుగా ఒక కుర్చీ మీద బట్టలు తీసి మంచం మీద పడేసింది.

"మీరొచ్చారేంటి మేడం? పిలిస్తే నేనే వచ్చేదాన్ని కదా."

"కూర్చో. ముఖాముఖి."

ఆ పిల్ల నవ్వి ఎదురుగా పెట్టె మీద కూర్చుంది. "ఎవరు నేను?"

"నువ్వు ఆఖరి అధ్యాయంలో ఉన్నదానివి. రెండు బేసి అడుగులూ ప్లస్సే. నేను, మనం బయటికి పంపేసినదాన్ని."

"ఎప్పుడు పంపాం?"

"నేనే పంపాను. అడుగుతున్నా చెప్పు. మీ ఇంట్లో రెండు బేసి అడుగుల్నీ కలిపి వేసే నడక ఏదైనా, తనతో తాను కలిసి సున్నా అయ్యేది, ఉందా?"

పొడుగమ్మాయి గాలిలో వేలితో ఏదో రాసుకుంది. పైకి లేవబోయి, వంగనవసరం లేని చోట వంగి, మళ్ళీ కూర్చుంది.

"లేదు," అంది. "మీ ఇంట్లో?"

"ఉంది. రెండూ సమానంగా వేస్తే చాలు."

కింద వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. పొడుగమ్మాయి పెట్టెల వైపు చూసింది.

"ఇవాళా మేడం చెప్పేది?"

"ఇవాళే కనిపించింది."

"సోమవారం తరవాత కనిపించకూడదూ!"

"నేను పిలవలేదు. అదే వచ్చింది."

"మీకేం, మీరు పడుకుంటే వస్తాయి." ఆ పిల్ల గొంతు పైకి లేచింది. "నేను ఎన్ని రాత్రులు కూర్చున్నానో! ఆ రోజు నాకూ అనుమానం రాలేదనుకున్నారా? గుర్తు చూద్దామా అని నోటిదాకా వచ్చింది. మీరు లేచి నుంచున్నారు. ఇంకేం అడగను?"

"అడగాల్సింది."

"అవును. అడగాల్సింది. నాది కూడా తప్పే." మొహం తిప్పుకుని అట్టపెట్టె అంచు గీకుతూ కూర్చుంది. "చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలియదు. మా వదిన కూడా చెప్పొద్దనే అంది. నువ్వు చెప్పకపోతే నేనూ ఏమీ అనను. అది చెప్పడానికే వచ్చాను. వ్యాసం నీది."

"ఇది ఇంకా అన్యాయం మేడం," అంది ఆ పిల్ల. "మీరే తిట్టి చెప్పించి ఉంటే ఇంటికెళ్ళి మిమ్మల్ని తిట్టుకునేదాన్ని."

మేడం తిరిగి నడిచి వచ్చేసరికి సన్నగా తుంపర మొదలైంది. వదిన తువ్వాలు చేతికిచ్చింది.

సోమవారం పెద్దగది నిండలేదు. హెడ్డుగారు, నలుగురైదుగురు లెక్చరర్లు, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు. ఆయన చిన్న మనిషి, మెల్లగా మాట్లాడేవాడు, బూట్లేసుకుని వచ్చి కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. మేడం పక్కగా కిటికీ దగ్గర కూర్చుంది. బయట మంచు ఇంకా విడలేదు. గాజు అవతల చెట్టో మనిషో తెలియని ఆకారాలు నిలబడి ఉన్నాయి. కాసేపు ఆమెకి, లోపలికి రానిచ్చినవాళ్ళందరూ వైవా వినడానికి వచ్చి నుంచున్నట్టనిపించింది.

పొడుగమ్మాయి బోర్డు దగ్గరికి వెళ్ళి, సిద్ధాంతం పూర్తిగా రాసింది. రాసి, సుద్ద దించలేదు.

"ఇది ఇలా తప్పు," అంది. "ఒకటి తక్కువైంది. ముందు దాన్ని రాస్తాను."

హెడ్డుగారు మేడం వైపు చూశారు. మేడం బోర్డు వైపు చూసింది. ఆ పిల్ల రంగుసుద్ద తీసుకుని జీనుని రాసింది. ఏటవాలు బాటని రాసింది. ఆదివారమంతా కూర్చుని చేసిన తరవాతి భాగమూ చెప్పింది: దీని సరిభాగపు గ్రూపులో అందరితోనూ సర్దుకుపోయే కదలిక, ఏమీ కదలకపోవడం తప్ప, ఇంకొకటి లేదు, కాబట్టి ముక్కలు కాకుండా ఒకటిగా ఉన్న సూపర్ గ్రూపు దీనికి ఒక్కటే. ఎక్కడా తడబడలేదు. పరీక్షకుడి కాళ్ళు ఊగడం ఆగింది.

"చాలా బాగుంది," అన్నాడాయన. "మీరు చెప్పకపోతే నేను చూసుండేవాణ్ణి కాదు. అది సరే. ఇంకేవీ తప్పిపోలేదని ఎలా తెలుసు?"

పొడుగమ్మాయి బోర్డు వైపు తిరిగి, రాసినదంతా మొదటి నుంచీ చూసుకుంది.

"తెలియదు," అంది. "వర్గమూలంతో భాగించిన ప్రతిచోటా మళ్ళీ చూడాలి. ఇవాళ తెలియదు."

ఆయన తల ఊపాడు. అందులో కోపం లేదు. చూడటం పూర్తయ్యాక మళ్ళీ వస్తానన్నాడు. అప్పటిదాకా కాగితం మీద సంతకం పెట్టలేనన్నాడు. హెడ్డుగారు ఉద్యోగం సంగతి ఆయన చెవిలో చెప్పి చూశారు. "తెలియదని ఆవిడే అన్నాక, తెలుసని నేనెలా రాయను?" అన్నాడాయన బాధగా.

మధ్యాహ్నం పొడుగమ్మాయి నడవా చివర నుంచుని ఫోను చేసింది. గదిలోంచి మేడంకి ఆ పిల్ల వీపు మాత్రమే కనిపించింది. మాటలు వినిపించలేదు. కొంచెంసేపు వింది, ఏదో అంది, మళ్ళీ వింది. చెయ్యెత్తి నమస్కారం పెట్టింది, అవతలివాళ్ళకి కనిపిస్తుందన్నట్టు. తరవాత ఇంకో ఫోను చేసింది. అది వాళ్ళమ్మకని భుజాలు చూస్తేనే తెలిసింది.

లోపలికి వచ్చి తలుపు వేసింది.

"ఆగలేరట. తరవాతి మనిషిని పిలుస్తారట."

"అమ్మ ఏమంది?"

"ఇంటివాళ్ళకి వద్దని ఎలా చెప్పాలని అడిగింది. అంతే అడిగింది."

మేడం ఏదో అనబోయింది. ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు సారీ చెప్పకండి మేడం. ఏడుపొస్తుంది. పని ఉంది."

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. వ్యాసం మొదటి అధ్యాయం తెరిచి ఒళ్ళో పెట్టుకుంది, కానీ దాని వైపు చూడలేదు. మేడం కళ్ళలోకి చూసింది.

"నాకు ఒక సరి అడుగు, రెండు బేసి అడుగులు," అంది. "ఈసారి నేను అడుగుతాను. మీరు లేవకూడదు."

"లేవను," అంది మేడం.

"నీ రెండోదాని ముందున్నది ప్లస్సా, మైనస్సా?"